ఈహెచ్‌పీకి యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదంటే

సంపాదకులు గారికి,

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర మండలాల్లో వనామీ రొయ్య ఎదగక, కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) కదలక, గుంటలో తెల్ల రెట్టలు తేలగానే చాలామంది మేతలో యాంటీబయాటిక్ కలుపుతున్నారు. జబ్బు ఈహెచ్‌పీ (ఎంటెరోసైటోజూన్ హెపటోపినై అనే సూక్ష్మ పరాన్నజీవి) అయితే ఆ డబ్బు నీళ్లపాలే. ఎందుకో తెలియాలంటే బడిలో చెప్పిన కణం పాఠం చాలు.

బ్యాక్టీరియాకైనా రొయ్యకైనా మనిషికైనా కణానికి పొర, లోపల డీఎన్ఏ, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు ఉంటాయి. తేడాలు అక్కణ్ణుంచి మొదలు. విబ్రియో వంటి బ్యాక్టీరియాకు కేంద్రకం లేదు, పొర బయట పెప్టిడోగ్లైకాన్ గోడ ఉంది, రైబోజోములు 70ఎస్ రకం. రొయ్య కణానికి కేంద్రకం ఉంది, గోడ లేదు, రైబోజోములు 80ఎస్. యాంటీబయాటిక్ పనిచేసేది ఈ తేడా మీదే. పెన్సిలిన్ ఆ గోడ కట్టుబడిని ఆపుతుంది. ఆక్సీటెట్రాసైక్లిన్ బ్యాక్టీరియా రైబోజోములోని 30ఎస్ ముక్కను పట్టుకుంటుంది.

ఈహెచ్‌పీ బ్యాక్టీరియా కాదు. శిలీంధ్రాలకు దగ్గరి చుట్టమైన మైక్రోస్పొరిడియా. దానికి కేంద్రకం ఉంది, పెప్టిడోగ్లైకాన్ లేదు, దాని స్పోరు (విత్తనం లాంటి దశ) గోడలో ఉండేది కైటిన్. రొయ్య పెంకులోనూ అదే. పైగా అది మకాం పెట్టేది రొయ్య హెపటోపాంక్రియాస్ (కాలేయం, క్లోమం పనులు రెండూ చేసే అవయవం) కణాల లోపల. శక్తినిచ్చే మైటోకాండ్రియా తనకు లేవు కనుక రొయ్య కణం తయారుచేసుకున్న ఏటీపీని, అంటే శక్తిని మోసే పదార్థాన్ని, లాక్కుని బతుకుతుంది. మందు వేశాక రెట్టలు తగ్గాయని కొందరంటారు. వెంట ఉన్న విబ్రియో తగ్గి ఉండొచ్చు, ఈహెచ్‌పీ మాత్రం అక్కడే ఉంటుంది. ఇక రొయ్యలకు తెల్లమచ్చల జబ్బు తెచ్చే వైట్‌స్పాట్ వైరస్‌కు కణమే లేదు, యాంటీబయాటిక్ పట్టుకోవడానికి అందులో ఏమీ దొరకదు.

నిషేధించిన క్లోరాంఫెనికాల్‌ను ఇంకా అడిగేవాళ్లకు ఒక మాట. మన మైటోకాండ్రియా ఒకప్పటి బ్యాక్టీరియా సంతతి. వాటి రైబోజోములు బ్యాక్టీరియా వాటిని పోలి ఉంటాయి. అందుకే ఆ మందు మన కణాలనూ వదలదు, ఎముక మజ్జను దెబ్బతీస్తుంది.

ల్యాబుల్లోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. ఈహెచ్‌పీ స్పోరు పొడవు సుమారు 1.7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వెడల్పు 1 మైక్రాన్. దాదాపు విబ్రియో అంతే. మైక్రోస్కోపులో 40 లెన్స్‌తో చూసి తేల్చేయకూడదు, 100 ఆయిల్ లెన్స్ కావాలి. తడి స్లైడులో విబ్రియో ఈదుతూ పోతుంది, స్పోరు ఉన్నచోటే వణుకుతుంది. హెపటోపాంక్రియాస్ నలిపి చూసేటప్పుడు నూనె బొట్లను స్పోర్లుగా లెక్కేయడం మరో తప్పు. బొట్లు చిన్నా పెద్దా కలిసి గుండ్రంగా ఉంటాయి, స్పోర్లు ఒకే సైజులో కోలగా కనిపిస్తాయి. అప్పటికీ అనుమానం తీరకపోతే పీసీఆర్ (క్రిమి డీఎన్ఏను పట్టే పరీక్ష) చేయించాల్సిందే.

జబ్బు దిగాక చేయగలిగింది తక్కువ. సీడ్ (రొయ్య పిల్లలు) దింపకముందే పీసీఆర్ చేయించాలి. ఈహెచ్‌పీ వచ్చిన గుంటను ఎండగట్టి, హెక్టారుకు 6 టన్నుల (ఎకరాకు సుమారు 2.4 టన్నుల) కాల్చిన సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, చల్లి 10-12 సెంటీమీటర్ల లోతు దున్నాలి. ఆ తర్వాతే తడపాలి. మట్టి పీహెచ్ (క్షారగుణం కొలత) 12 దాటి రెండు రోజులైనా నిలవాలి. వారం దాకా గుంటను అలాగే వదిలేయాలి. వ్యవసాయ సున్నం పేరుతో అమ్మే కాల్షియం కార్బనేట్ ఎన్ని బస్తాలు పోసినా పీహెచ్ అంత పైకి రాదు. తెరిచి ఉంచిన బస్తాల్లోని కాల్చిన సున్నం కూడా గాలి, చెమ్మ తగిలి చచ్చుబడుతుంది కనుక కొన్న వెంటనే వాడాలి.

— ఆక్వా ల్యాబ్ సిబ్బంది,
అల్లూరు, నెల్లూరు జిల్లా