క్యాబిన్‌లో కూర్చుని చూశాను

చిరంజీవి లావణ్యకు నాన్న దీవెనలు.

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరం ఏంటి అనుకుంటావు. మొన్న ఆదివారం నువ్వు అరగంట మాట్లాడావు, అందులో సగం నాకు వినపడలేదు. ఊఁ కొడుతూ పోయాను. మీ అమ్మ కనిపెట్టేసి తిట్టింది. అందుకని రాస్తున్నాను. తమ్ముడు ఫొటో తీసి నీకు వాట్సాప్‌లో పెడతాడు.

వాడు కొత్త ట్రాక్టర్ కొందామంటున్నాడు. ఏసీ క్యాబిన్ ఉన్నదే కావాలట. ట్రాక్టర్లకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కదా, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అంటాడు. దుక్కి దున్నే బండికి ఏసీ ఏంట్రా, పెళ్లికొడుకువా అని నవ్వాను. కానీ నువ్వు నెబ్రాస్కా నుంచి పంపిన క్యాబిన్ వీడియో నాలుగైదుసార్లు చూశాక సరే, చూసొద్దాం పద అన్నాను. విజయవాడలో మహీంద్రా నోవోలోనూ, జాన్ డీర్ 5 సిరీస్ బండిలోనూ తలుపు వేసుకుని కూర్చున్నాను.

తలుపు పడగానే నాకు ముందు తెలిసింది చల్లదనం కాదు, నిశ్శబ్దం. ఇంజను తిరుగుతూనే ఉంది. ఇంతలో నా జేబులో ఫోన్ మోగింది, వినపడింది! ఇరవై ఎనిమిదేళ్లుగా ట్రాక్టర్ తోలుతున్నాను, బండి మీద ఉండగా ఫోన్ మోగడం వినడం అదే మొదటిసారి.

నీకు చెప్పలేదు, పోయిన నెల తెనాలిలో చెవి డాక్టర్‌కి చూపించుకున్నాను. ఎడమ చెవి బాగా దెబ్బతింది, కుడిది పర్వాలేదు. ట్రాక్టర్ తోలేవాళ్లలో ఇది మామూలేనట. వెనక మట్టిని గుల్ల చేసే రోటవేటర్ ఎలా పడుతోందో చూడ్డానికి కుడి భుజం మీదుగా వెనక్కి తిరుగుతాం, అప్పుడు ఎడమ చెవి ఇంజనుకు ఎదురుగా ఉంటుంది. 85 డెసిబెల్స్ దాటిన చప్పుడులో రోజూ ఎనిమిది గంటలుంటే చెవులకు ముప్పేనన్నారు. క్యాబిన్ లేని బండి పని మీదున్నప్పుడు ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది. కంగారు పడకు, మందులు వాడేదేమీ లేదు.

అందుకే తమ్ముడితో ఒకటే చెప్పాను. పాటల పెట్టె తర్వాత, ముందు డ్రైవర్ చెవి దగ్గర ఎన్ని డెసిబెల్స్ ఉంటుందో చూడు అని. మీ నెబ్రాస్కాలో లింకన్ ఊళ్లో 1919 చట్టంతో మొదలైన ట్రాక్టర్ పరీక్షల ల్యాబ్ ఉందనీ, క్యాబిన్ లోపలి చప్పుడు కూడా కొలిచి అచ్చేస్తారనీ నువ్వే చెప్పావు. మనకూ మధ్యప్రదేశ్‌లో బుద్నీలో, మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం వాళ్ల పరీక్షా కేంద్రాలున్నాయి. బుద్నీ రిపోర్టుల్లో ఆ అంకె ఉంటుంది. తమ్ముడు నెట్‌లో వెతికే పని మీద ఉన్నాడు.

ఇక నీ వీడియోలోని ఆ పెద్ద స్క్రీన్ సంగతి. ఉపగ్రహాల సాయంతో స్టీరింగ్ తనంతట తానే తిరుగుతూ, రెండున్నర సెంటీమీటర్ల తేడా కూడా రాకుండా సాలు వెంట పోతుంటే నోరు తెరిచి చూశాను. తమ్ముడైతే మనకూ అదే కావాలని పట్టుబట్టాడు. రాత్రి కాగితం మీద లెక్కవేసి చూపించాను. మీ దగ్గర సాలు అర మైలు, అంటే 800 మీటర్లు. గంటకు 8 కిలోమీటర్ల మీద పోయినా ఆరు నిమిషాలకు ఒకసారి మలుపు. అంతసేపు స్టీరింగ్ పట్టుకోనక్కర్లేకపోతే మనిషికి హాయే. మన కొట్టాల చేను ఎకరం, చదరంగా ఉంటే పక్క 64 మీటర్లు కూడా ఉండదు. రోటవేటర్‌తో నిమిషం తిరక్కుండానే గట్టొస్తుంది. క్లచ్, లిఫ్ట్ ఎత్తు, రివర్స్, మళ్లీ దించు. రోజుకు కొన్ని వందలసార్లు. మోకాలు అరిగేది అక్కడే, తిన్నగా పోయేటప్పుడు కాదు. కాబట్టి మనకు స్టీరింగ్ పక్కనే ఉండి బండిని ముందుకూ వెనక్కూ మార్చే షటిల్ మీట ముఖ్యం. జాన్ డీర్ మీటలు వేళ్లకు బాగా అందాయి. నోవోలో నాకు కూర్చునే తీరు నచ్చింది. ఎక్కి దిగడానికి ఈ వయసులో ఏది సుఖమో ఇంకోసారి వెళ్లి చూస్తాను.

మహీంద్రా డిజిసెన్స్ అని ఒకటుంది. బండి ఎక్కడుందో, ట్యాంకులో డీజిల్ ఎంతుందో ఫోన్‌లో కనపడుతుంది. కిరాయికి తిప్పే బండికి ఇది పనికొచ్చేదే. మన డ్రైవర్ టీ కొట్టు దగ్గర గంట ఆగి, గేటు పడింది బాబాయ్ అనడం ఇక కుదరదు. (వాడికి చెప్పకు, నీ మాటంటే వాడికి గురి.)

నాకు టెన్షన్ అంతా రిపేరు గురించే. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త బండ్లకు ట్రెమ్ 4 అని పొగ తగ్గించే నిబంధన వచ్చింది కదా. అప్పట్నుంచి వాటి ఇంజన్లలో కంప్యూటర్లూ సెన్సార్లూ ఎక్కువయ్యాయి. మీ పెదనాన్న బండి నాట్ల అదునులో చేలో ఆగిపోతే లాప్‌టాప్ ఉన్న కుర్రాడు రావడానికి నాలుగు రోజులు పట్టింది. మన మస్తాన్ పానా పట్టుకుని చుట్టూ తిరిగాడు తప్ప ఏమీ చేయలేకపోయాడు. మీ అమెరికాలోనూ ఇదే గొడవని, రిపేరు సాఫ్ట్‌వేర్ రైతులకు దొరకట్లేదని 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాన్ డీర్ మీద కేసు వేసిందని చెప్పావు. అది విన్నాక కొంచెం ధైర్యం వచ్చింది, ఇది మా ఒక్కళ్ల బాధ కాదని. ఏ బండైనా సరే, తెనాలిలో సర్వీసు మనిషి ఉన్న కంపెనీదే తీసుకుంటాం.

మందు కొట్టే పని గురించి నువ్వు రాసింది తమ్ముడితో రెండుసార్లు చదివించాను. అద్దాలు మూసుంటే చాలనుకున్నాం ఇన్నాళ్లూ. మామూలు ఫిల్టర్ దుమ్మునే ఆపుతుందనీ, మందు ఆవిరి ఆగాలంటే బొగ్గు ఫిల్టర్ ఉన్న కేటగిరీ 4 క్యాబిన్ కావాలనీ తెలియదు. అది లేకపోతే క్యాబిన్‌లో కూడా మాస్క్ పెట్టుకోవాల్సిందేనని వాడితో ఒట్టు వేయించుకున్నాను.

దమ్ముకు మాత్రం పాత బండే. కేజ్ వీల్స్, అదే ఇనప చక్రాలు, వేసి బురదలో దిగినప్పుడు క్షణానికోసారి దిగాలి, ఎక్కాలి. అంత బురద కాళ్లతో ఆ క్యాబిన్‌లోకా! పైగా మన గట్టు మీది కొబ్బరి మట్టలకు ఆ అద్దాలు ఒక్క సీజన్ ఆగవు.

నువ్వు చెప్పిన, డ్రైవర్ లేకుండానే నడిచే జాన్ డీర్ 8ఆర్ బండి గురించి మీ అమ్మకు చెప్పాను. 2022లోనే చూపించారట, ఆరు జతల కెమెరాలట అన్నాను. అంతా విని, మనిషే ఎక్కని బండికి క్యాబిన్ ఎందుకు ఉంచారు అంది. నా దగ్గర జవాబు లేదు, నువ్వే చెప్పు.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు కాస్త నిదానంగా మాట్లాడు తల్లీ. కుడి చెవికే పెట్టుకుంటాను.

మీ నాన్న