బావి దగ్గర ఎండాకాలం

బిడ్డా,

మొన్న ఫోన్‌లో ఒంటెల పండుగ ఎట్లుందని అడిగావు. అప్పుడు ట్యాంకర్ నింపుతున్నా, సరిగా చెప్పలేదు.

ఆ పండుగ మాకు దగ్గరే, రియాద్ అవతల ఎడారిలో 2017 నుంచి రాజుగారి పేరున చేస్తున్నారు. అందమైన ఒంటెకు కోట్లలో బహుమతులు. 2021లో మూతికి ఇంజెక్షన్లు వేయించారని నలభైకి పైగా ఒంటెలను పోటీలోంచి తీసేశారు. జనం బాగానే వస్తారు. కానీ బద్దూలు, అంటే మందలతో ఎడారిలో తిరిగే ఇక్కడి కాపరులు, వెనకట కలుసుకున్నది ఇట్లా కాదు.

మా కఫీల్, అదే నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, వాళ్ల నాన్న బాగా ముసలాయన. సాయంత్రం కాఫీ పోసి చెబుతుంటాడు. చలికాలమంతా గడ్డి వెతుక్కుంటూ ఎవరి దారి వాళ్లదట. ఎండలు ముదిరాక తెగ మొత్తం బావుల దగ్గరికి చేరేది. చుట్టూ మేకవెంట్రుకల నల్ల గుడారాలు. పెళ్లిళ్లు కుదిరేది అక్కడే, పంచాయితీలు తెగేది అక్కడే. రాత్రుళ్లు పద్యాలు చెప్పుకునేవాళ్లు. సుహైల్ చుక్క పొడిస్తే ఎండ విరిగినట్టు లెక్క. ఇక వాన ఎటు పడిందో కబురు కోసం చూసి, గుడారాలు విప్పేవాళ్లు. పెద్దగట్టు జాతరలో మీ తాత రెండేళ్లకోసారి తోటి గొర్లకాపరులందరినీ కలుస్తాడు చూడు, నాకు అదే గుర్తొచ్చింది.

బావుల దగ్గర ఆ కలయిక ఎందుకు ఆగిందంటే చాలా చెబుతారు. దేశాల మధ్య సరిహద్దులు గీశారు. 1938లో ఆయిల్ పడ్డాక జీతాలొచ్చాయి, పట్నాల్లో ఇళ్లొచ్చాయి. ముసలాయన మాత్రం ఒక్కటే అంటాడు: లారీ వచ్చింది, నీళ్లే మంద దగ్గరికి వచ్చాయి, ఇక బావి దగ్గరికి ఎవరొస్తారు? నేను తోలేది ఆ లారీనే బిడ్డా. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒంటెలను పిలిచే పాటను ఇక్కడ హిదా అంటారు. 2022లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఆయన గొంతెత్తితే ముసలి ఒంటెలు తల తిప్పి చూస్తాయి. పిల్ల ఒంటెలు నా హారన్‌కే పరుగెత్తుకొస్తాయి. మనవళ్లు రియాద్ నుంచి సెలవు రోజున వచ్చి చీకటి పడకముందే పోతారు, వాళ్లకు ఆ పాట రాదు. నాకు నేర్పిస్తున్నాడు. నాలుగు కూతలు వచ్చాయి.

తాత గొర్లను పిలిచే కూత నీ ఫోన్‌లో రికార్డు చేసి పంపు. ముసలాయన వింటానన్నాడు.

మీ నాయిన