బేస్ గిటార్‌కు చెక్క కన్నా పికప్ ముఖ్యం

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో బేస్ గిటార్ చేయించుకునే కుర్రాళ్లు ముందు చెక్క గురించే అడుగుతారు. వీణకు వాడే పనస చాలు. ఎర్రచందనం జోలికి పోవద్దు. బరువెక్కువ, అనుమతి లేకుంటే కేసు కూడా! ధ్వనిని ఎక్కువగా తేల్చేది పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంతపు భాగం), దాన్ని బిగించే చోటు. తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర పదును, మెడ వైపు గుండ్రటి నాదం. ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్ ఒక్కటే పెడితే లైట్ల డిమ్మర్ల గుర్రు తప్పదు. 1957 నుంచి ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్‌ గిటార్‌లో వస్తున్న రెండు ముక్కల కాయిల్ ఆ గుర్రును చాలావరకు అణిచేస్తుంది; కల్యాణ మండపాల్లో వాయించేవారికి అదే మేలు. దానికి 250కె (కిలో ఓంల) పాట్లు, అంటే ధ్వనిని పెంచి తగ్గించే నాబ్‌ల కింది భాగాలు, సరిపోతాయి. పికప్ కోసం చెక్క తొలిచే ముందే తీగల మధ్య దూరం కొలవండి. చివరి ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దగ్గర తీగను నొక్కిపట్టి చూస్తే తీగకూ పికప్‌కూ మధ్య సుమారు 3 మి.మీ. ఉండాలి. పికప్‌ను మరీ పైకి లేపితే అయస్కాంతం తీగను లాగుతుంది, శ్రుతి చెడుతుంది. చాలామంది దాన్ని మెడ తప్పనుకుని మెడ వంపును సరిచేసే ట్రస్ రాడ్ తిప్పేస్తుంటారు.

– వాద్యాల మరమ్మతుదారు, తిరుపతి