కీమోలో నరాల మాట ఎవరూ ఎత్తరేం?

సంపాదకులకు,

క్యాన్సర్‌కు ఇచ్చే కీమో అనగానే జుట్టు రాలడం, వాంతులే గుర్తొస్తాయి. కొన్ని కీమో మందులు నరాలను దెబ్బతీసే సంగతి ఎవరూ ఎత్తరు. మా అక్కకు ప్యాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్న రోజుల్లో వేళ్లు మొద్దుబారి, సూదిలో దారం ఎక్కించడం కూడా కష్టమైంది. నీరసమేలే అనుకుని డాక్టరుకు చెప్పలేదు, అది మా పొరపాటే. విన్‌క్రిస్టిన్ అనే మరో కీమో మందు కూడా నరాలను దెబ్బతీస్తుంది. ఆక్సాలిప్లాటిన్ తీసుకున్నవారికి చల్లని గ్లాసు ముట్టుకున్నా వేళ్లు జివ్వుమంటాయి. సిస్‌ప్లాటిన్ అయితే ఆపేశాక కూడా కొన్ని నెలలు తిమ్మిరి పెరగవచ్చు. ముందే తెలిస్తే డోసు తగ్గించడమో, మందు మార్చడమో డాక్టర్లు ఆలోచిస్తారు. నరాల నొప్పికి డులాక్సెటిన్ అనే మందు కొందరికి పనిచేస్తుంది గానీ, పోయిన స్పర్శను అది తెచ్చివ్వదు. ప్రతి సైకిల్‌కు (కీమో విడతకు) ముందు రక్తపరీక్ష చూస్తారు కదా, అప్పుడే “గుండీలు పెట్టుకోగలుగుతున్నారా?” అని కూడా అడగాలి.

– ఒక పాఠకురాలు