ఉప్పు తగినంత అంటే ఎంత?

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో వచ్చే వంటల పేజీ గురించి ఈ ఉత్తరం. ఫిర్యాదు అనుకోకండి. ఫిర్యాదులు తీసుకోవడమే గాని ఇవ్వడం నాకు అలవాటు లేదు. 33 ఏళ్లు తూనికలు, కొలతల శాఖలో పనిచేసి ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. బేగంబజార్, మోండా మార్కెట్ కొట్లలో పాతవాళ్లకు నా మొహం ఇంకా గుర్తుండే ఉంటుంది. గుర్తుంచుకోవాలని వాళ్లకు ఉండకపోవచ్చు, అది వేరే సంగతి.

మా అబ్బాయి కుటుంబం అమెరికాలో, డాలస్ పక్కన ప్లేనోలో ఉంటుంది. మా కోడలు మీ పేజీని ఫోన్‌లో చూసి వండుతుంది. పోయిన నెల దోసావకాయ పెడుతూ ఫోన్ చేసింది. "మామయ్యగారూ, ఉప్పు తగినంత అని రాశారు. తగినంత అంటే ఎన్ని కప్పులు?" నా సర్వీసు మొత్తంలో ఎవరూ అడగని ప్రశ్న. ఫోన్ మా ఆవిడకు ఇచ్చేశాను. "చేతికి తెలుస్తుందమ్మా" అంది ఆవిడ. "ఎవరి చేతికి అత్తయ్యగారూ?" అంది కోడలు.

ఈ కొలతల గొడవ మా ఇంట్లో నిరుడు మే నెలలో, మేం అక్కడికి బయల్దేరిన రోజే మొదలైంది. విమానంలో ఒక్కో పెట్టెకు 23 కిలోలు. 23 ఏమిటి, 25 పెట్టొచ్చు కదా అనుకునేవాణ్ణి. అది వాళ్ల 50 పౌండ్లకు దగ్గరి లెక్క. పెట్టెకు కొక్కెం తగిలించి ఎత్తి చూసే త్రాసు ఒకటి కోఠీలో కొన్నాను. రెండు రోజుల పాటు నా పంచెలు దిగుతూ, కారప్పొడి, నువ్వులపొడి, వడియాలు ఎక్కుతూ వచ్చాయి. చివరికి 22.9 దగ్గర ఆపి తాళం వేశాం. శంషాబాద్‌లో కౌంటర్ మీద పెడితే 23.7. నేను వెంటనే వంగి వాళ్ల త్రాసు మీద మా శాఖ వేసే ఈ ఏడాది ముద్ర ఉందా లేదా అని వెతికాను. కౌంటర్‌లో అమ్మాయి "ఏమైనా పడిపోయిందా సార్?" అంది. "పోయిన ఉద్యోగం వెతుక్కుంటున్నారమ్మా" అంది మా ఆవిడ.

ముద్ర ఉంది. వాళ్ల త్రాసు సరైనదే, నాదీ సరైనదే. నేను నిద్రపోయాక ఆవిడ పెట్టె తెరిచి తన ఇత్తడి సోల పెట్టింది. ఖాళీగా ఎందుకని దాని నిండా చల్ల మిరపకాయలు, ఆ పైన ఇంకో ఇంగువ డబ్బా. సర్వీసంతా ముద్ర లేని కొలపాత్రలు జప్తు చేసినవాణ్ణి. ఈ సోల మాత్రం మా అత్తగారింటి నుంచి పెళ్లి సామానుతో వచ్చింది కాబట్టి దాని జోలికి ఎన్నడూ పోలేదు. బరువు తగ్గించడానికి నా స్వెటర్ బయటికి తీశాం. మే నెల ఎండలో స్వెటర్ వేసుకుని విమానమెక్కాను.

అక్కడ పెట్రోలు గాలన్లలో, దూరం మైళ్లలో, బియ్యం పౌండ్లలో. జూలైలో ఒకరోజు టీవీలో ఉష్ణోగ్రత 104 అని చూసి మా ఆవిడ "ఊరందరికీ జ్వరమా?" అంది. నవ్వాం గాని, ఆలోచిస్తే మనమే నయం కాదు. ఎండకు సెల్సియస్, జ్వరానికి ఫారెన్‌హీట్ మన పద్ధతి. మెట్రిక్ తూకాలు వచ్చి అరవై ఏళ్లు దాటినా విద్యానగర్‌లో నా ఇల్లు 180 గజాలు, ఆవిడ గాజులు నాలుగు తులాలు, నేను అయిదడుగుల ఆరంగుళాలు. అయినా ఊరుకోలేక మా మనవడికి చెప్పాను, మీ పౌండుకు 1893 నుంచి ఆధారం కిలోనే అని. "ఓకే తాతా" అన్నాడు. వాడికి ఎనిమిదేళ్లు.

ఇండియన్ స్టోర్‌కు వెళ్తే నా చూపు బెండకాయల మీద కాకుండా త్రాసు మీదకే పోయేది. టెక్సాస్‌లో తూనికల పని చూసేది వ్యవసాయ శాఖ, ఆ స్టిక్కర్ అతికించి ఉంటుంది. దాన్ని కళ్లజోడు సర్దుకుని చదువుతుంటే మా అబ్బాయి "నాన్నా, ఇక్కడ వద్దు" అని చెయ్యి పట్టి లాగాడు. కొట్టు యజమాని ఏమనుకున్నాడో, లోపల్నుంచి టీ తెప్పించాడు. సర్వీసులో ఉండగా ఏ కొట్లోనూ తాగని టీ, రిటైరయ్యాక ప్లేనోలో తాగాను.

మనవడూ నేనూ కలిసి సోలను కూడా కొలిచాం. నీళ్లు పోసి వంటింటి త్రాసు మీద పెడితే, వాళ్ల కప్పు లెక్కన కప్పున్నర, పైన మూడు చిన్న చెంచాలు. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాం. అది చూసి మా ఆవిడ "నేను అంచు దాకా పోస్తానా? గోపురం కట్టేదాకా పోస్తాను" అంది. గోపురాన్ని నీళ్లతో ఎలా కొలవాలో నేను చదివిన ఏ రూల్స్‌లోనూ లేదు. కాగితం చింపేశాం.

సోల అక్కడే వదిలేసి నవంబరులో వచ్చేశాం. వచ్చిన మొదటి ఆదివారం ఎప్పటిలా రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే అబ్బాయి నిద్రగొంతుతో ఎత్తాడు. ముందురోజు దాకా ఎనిమిదంటే వాళ్లకు ఉదయం తొమ్మిదిన్నర. ఆ రోజుతో గడియారాలు గంట వెనక్కి జరిపారట, ఎనిమిదిన్నరే అయింది.

ఇంతకీ నా మనవి. మీ పేజీలో ఊరగాయలకైనా ఉప్పు గ్రాముల్లో రాయించండి. కప్పుల్లో వద్దు. కల్లుప్పు కప్పులో పోస్తే మధ్య మధ్య గాలి ఉంటుంది, మెత్తని ఉప్పు సందు లేకుండా కూర్చుంటుంది. కప్పు ఒకటే, బరువు ఒకటి కాదు. మా ఆవిడ చెయ్యి కల్లుప్పుకు అలవాటు పడింది. అక్కడ కోడలి డబ్బాలో ఉన్నది మెత్తనిది. అడగ్గా అడగ్గా ఈవిడ "ఒక సోల వేసుకో" అంది, ఆ పిల్ల గోపురంతో సహా వేసింది. ఆ దోసావకాయ ఫ్రిజ్‌లో ఉంది. ఎవరూ ముట్టుకోవడం లేదట.

గ్రాములు తూచడానికి ఇబ్బంది ఏమీ లేదు. కోడలి వంటింట్లో త్రాసు ఉంది. ముద్ర లేదు గాని, బయల్దేరే ముందు నేనే సరిచూసి వచ్చాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తూనికల ఇన్‌స్పెక్టర్,
విద్యానగర్, హైదరాబాద్