ఓరియెంటేషన్ ఒక్కరోజు చాలదు: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. కొత్త విద్యాసంవత్సరం మొదలవబోతోంది. విశ్వవిద్యాలయాల్లో ఓరియెంటేషన్ బ్యానర్లు సిద్ధమవుతున్నాయి. మొదటి సంవత్సరం విద్యార్థులకు పాఠాలు చెప్పే, ట్యుటోరియల్స్ నడిపే మేము మీకు చేసే విన్నపం ఒక్కటే. ఆ ఒక్కరోజు హడావిడికి పెట్టే శ్రమను మొదటి ఆరు వారాలకు పంచేలా ఆదేశాలివ్వండి.

ఆ రోజు ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. అందరినీ ఆడిటోరియంలో కూర్చోబెట్టి లైబ్రరీ వేళలు, హాజరు నిబంధనలు, మార్కుల విధానం, పోర్టల్ పాస్‌వర్డ్ అన్నీ ఒక్క పూటలో చెప్పేస్తారు. పిల్లల ధ్యాసేమో రూమ్మేట్ ఎవరో, భోజనానికి ఎవరితో వెళ్లాలో అన్నదాని మీద ఉంటుంది. హాజరు నిబంధన హాజరు తగ్గాకే బుర్రకెక్కుతుంది. కాబట్టి ఏ సంగతి ఏ వారంలో అవసరమో ఆ వారంలోనే చెప్పాలి. మొదటి వారానికి గదులు, టైమ్‌టేబుల్, పోర్టల్ చాలు. రెండో వారంలో సిలబస్ కాగితాలన్నీ ముందేసుకుని, అన్ని సబ్జెక్టుల గడువులూ ఒకే క్యాలెండర్‌లోకి ఎక్కించాలి. మూడు అసైన్‌మెంట్లు ఒకే వారంలో వచ్చి పడుతున్నాయని అప్పుడే బయటపడుతుంది. సబ్జెక్టు వదులుకునే వీలున్నచోట, ఆ గడువుకు వారం ముందు దాని లాభనష్టాలు చెప్పాలి.

అధ్యాపకుల గది తలుపు మీద విద్యార్థులను కలిసే వేళలు రాసి ఉంటాయి. అవి తమ కోసమేనని కొత్తవాళ్లలో చాలామందికి తట్టదు, తప్పు చేసినవాళ్లను పిలిపించే వేళలనుకుంటారు. మూడో వారంలోగా ప్రతి విద్యార్థీ ఒక అధ్యాపకుణ్ణి పది నిమిషాలు కలిసి తీరాలని పెట్టండి. వట్టి చేతులతో కాదు, సగంలో ఆగిపోయిన లెక్కతోనో, రాసి తెచ్చిన పేరాతోనో. “సార్, ఈ చాప్టర్ అర్థం కాలేదు” అంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. “మూడో స్టెప్పు దాకా వచ్చాను, ఇక్కడ మైనస్ ఎందుకు ప్లస్ అయింది?” అంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇలా అడగడం కూడా నేర్పాల్సిన విద్యే.

చదివే గంటల లెక్క ఇంకో చిక్కు. బడిలో రోజూ హోంవర్కు, దాన్ని చూసే టీచరు ఉంటారు. ఇక్కడ వారాల తరబడి ఎవరూ అడగరు. యూరప్ క్రెడిట్ విధానంలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే 1500 నుంచి 1800 గంటలు, దాదాపు పూర్తికాల ఉద్యోగమంత. క్లాసులు అందులో ఒక భాగమే. టైమ్‌టేబుల్‌లో ఖాళీగా కనిపించే గడి ఖాళీ కాదని ఎవరూ చెప్పకపోతే పిల్లలకు ఎలా తెలుస్తుంది?

చదివే పద్ధతిలోనూ మోసం ఉంది. నోట్సు మళ్లీమళ్లీ చదివి, రంగు గీతలు గీస్తే పేజీ పరిచయమై, అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, చదివిన అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకున్నవాళ్లు ముందున్నారు. అందుకే నాలుగో వారంలోగా మొత్తం మార్కుల్లో 5 శాతం మించని చిన్న పరీక్ష పెట్టి, పేపర్లు వారంలో దిద్ది ఇవ్వాలి. మొదటి మార్కులు మిడ్ పరీక్షల తర్వాతే తెలిస్తే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

అన్నిటికంటే మేము గట్టిగా అడిగేది తోటి విద్యార్థుల సహాయ తరగతులు. 1973లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం కాన్సాస్ సిటీ క్యాంపస్‌లో డియానా మార్టిన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. వెనకబడిన విద్యార్థుల్ని వేరుచేయడం ఇందులో లేదు. ఎక్కువమంది తప్పే సబ్జెక్టును గుర్తించి, అందులో చేరిన అందరికీ తలుపులు తెరుస్తారు. దాంతో వెళ్లడం నామోషీ కాదు. ఆ సబ్జెక్టు మంచి మార్కులతో పాసైన సీనియర్ మళ్లీ క్లాసుల్లో కూర్చుని, వారానికి రెండు మూడుసార్లు సెషన్ నడుపుతాడు.

చెడేది కూడా ఇక్కడే. శిక్షణ లేని సీనియర్ రెండో సెషన్‌కల్లా చాక్‌పీసు పట్టుకుని పాఠం చెప్పడం మొదలుపెడతాడు, పిల్లలు రాసుకుంటూ కూర్చుంటారు. అతని పని ప్రశ్నను మళ్లీ గుంపులోకే విసరడం, బోర్డు దగ్గరికి వాళ్లను పంపడం. గుంపు పెద్దదైతే అది కుదరదు, పాతిక దాటితే రెండు చేయాలి. సెషన్ ల్యాబ్‌తో ఢీకొంటే సగంమంది రారు. ఇక సీనియర్లకు ఇచ్చే డబ్బు నెలల తరబడి ఆపితే, వాళ్లు పరీక్షల ముందే మానేస్తారు. అవసరం ఎక్కువుండేది అప్పుడే.

మరో సంగతి. మొదటి సెమిస్టర్‌లో గణితం పోతే, దాని మీద ఆధారపడ్డ తర్వాతి సబ్జెక్టులూ ఆగిపోతాయి. ఆ కోర్సు ఏడాదికి ఒక్కసారే ఉంటే ఒక్క బ్యాక్‌లాగ్‌తో సంవత్సరమంతా జారిపోతుంది. ఇలాంటి పునాది కోర్సుల్ని రెండు సెమిస్టర్లలోనూ నడపాలి.

వీటిలో దేనికీ కొత్త భవనం అక్కర్లేదు. సెషన్ల వేళలు, చిన్న పరీక్ష తేదీ మాత్రం టైమ్‌టేబుల్‌తోపాటే ఖరారు కావాలి. కాబట్టి టైమ్‌టేబుళ్లు వెలువడకముందే సర్క్యులర్ పంపండి. సీనియర్ల పారితోషికానికి విడిగా పద్దు చూపించండి.

ఇట్లు,
మొదటి సంవత్సరం అధ్యాపకులు, ట్యుటోరియల్ నిర్వాహకులు