నా పిడికిలి విప్పిన మేడమ్‌గారికి కృతజ్ఞతలు

పాప ఇప్పుడే పడుకుంది. మళ్లీ లేచేలోపు ఇది రాసేయాలి.

కాన్పయి 5 నెలలు. కుట్లు మానాయి, నేను కోలుకున్నాననే అందరూ అనుకున్నారు. కానీ ఆయన దగ్గరికి వస్తే చాలు, ఒళ్లు బిగుసుకుపోయేది. కలిసిన ప్రతిసారీ కోసినట్టు నొప్పి. నాలోనే ఏదో లోపముందని ఎన్ని రాత్రులు ఏడ్చానో.

ఫిజియోథెరపీ మేడమ్ దగ్గరికి ఈరోజు నాలుగోసారి వెళ్లివచ్చాను. మొదటిరోజు ఆవిడ తలుపు గడియ వేసి, స్టూలు కిందికి దించుకుని, నాకంటే తక్కువ ఎత్తులో కూర్చున్నారు. "మీరు వద్దంటే వెంటనే ఆపేస్తాను. కారణం చెప్పనక్కర్లేదు" అన్నారు. పురిటి నొప్పులు మొదలైన దగ్గర్నుంచి ఎంతమంది పరీక్షించారో లెక్క లేదు, ఆ మాట అన్నవారు ఒక్కరూ లేరు. అక్కడే భోరుమన్నాను. నేను కళ్లు తుడుచుకునేదాకా ఆవిడ ఏమీ అడగలేదు.

కటి కండరాలు బిగించే వ్యాయామం 3 నెలలుగా చేస్తున్నానని చెబితే, నా పిడికిలి గట్టిగా మూయించి "ఇంకా బిగించండి" అన్నారు. బిగించలేకపోయాను. "మీ కండరాలు ఇప్పుడిలాగే ఉన్నాయమ్మా, ముందు వదలడం నేర్చుకోవాలి" అంటూ నా వేళ్లు ఒక్కొక్కటే విప్పారు. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి యోనిలో తడి ఆరిపోతుందని, కోరిక కూడా సన్నగిల్లవచ్చని చెప్పారు. ఊపిరి వదులుతూ కండరాలను సడలించడం, కుట్ల మచ్చ మీద మర్దన, నీటితో తయారైన జెల్ వాడటం, అన్నీ ఓపికగా నేర్పారు. సిజేరియన్ అయినవాళ్లకూ ఈ నొప్పి రావచ్చట.

ఒక్క మాట అనకుండా ఉండలేను. 6 వారాలకు ఆసుపత్రికి వెళితే కుట్లు చూసి, "అంతా బాగుంది, ఇక మామూలుగా ఉండవచ్చు" అని రెండు నిమిషాల్లో పంపేశారు. పాప టీకాల పట్టిక ఇచ్చారు. గర్భనిరోధకం ఏది కావాలన్నారు. కలిసినప్పుడు నొప్పి ఉందా అని మాత్రం అడగలేదు. నోరు తెరిచి చెప్పుకోలేని బాధ కదా, అడగాల్సింది వాళ్లే!

మా ఆయన, అమ్మ, అత్తయ్య. వాళ్లకు వేరే చెప్పాలా.

నొప్పి పూర్తిగా పోలేదు. కానీ నిన్న రాత్రి ఆయన నా భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్లు బిగుసుకోలేదు. మేడమ్, ఆ సంగతి మీకు ఈరోజు చెప్పబోయి మళ్లీ ఏడ్చేశాను, క్షమించండి.

అయ్యో, మరచిపోయాను. నన్ను మేడమ్ దగ్గరికి పంపిన కౌంటరు అమ్మాయికి, నాలుగుసార్లూ పాపను చూసుకున్న పై వాటా అక్కకు కృతజ్ఞతలు. జెల్ పేరు చెప్పలేక నేను తడబడుతుంటే, మాట్లాడకుండా కాగితం, పెన్ను నా ముందుకు జరిపిన మందుల షాపు పెద్దాయనకు కూడా.